షోలాపూర్ నేతపేటల నుంచి చూసినప్పుడు ‘మా భూమి’

ఉర్దూ కథకుడు కిషన్‌చందర్ నవల ‘జబ్ ఖేత్ జాగే’ ఆధారంగా, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మించగా, బెంగాలీ దర్శకుడు గౌతమ్ ఘోష్ తన తొలి కథాచిత్రంగా 1979లో రూపొందించిన ‘మా భూమి’ సాధారణంగా తెలంగాణ రైతుల చిత్రంగానే చర్చకు వస్తుంది. అది సరైన మాటే అయినా, ఆ కథ నేతకారులకూ చెందుతుందన్న సంగతి షోలాపూర్ తూర్పు భాగంలోని తెలుగు పద్మశాలి పేటల చరిత్ర తెలిసినవారికి స్పష్టంగా కనిపిస్తుంది.

చిత్రానికి మూలాధారం వెట్టి, అంటే దొరలకూ దేశ్‌ముఖులకూ ఊరి కులాలన్నీ కూలి లేకుండా చేయవలసి వచ్చిన నిర్బంధ సేవ. పొలం పనికి పాలేర్లు, కల్లుకు గీతకార్లు బద్ధులైనట్లే, గడీలోని నౌకర్లకు బట్టలు ఇచ్చుకోవడం సాలెల వంతు అయింది. నేసిన గుడ్డకు వెల అడిగే హక్కు లేని చోట మగ్గం సొంతదైనా శ్రమ సొంతం కాదు. వర్గం అనే మాటకు ఇంతకన్నా సులభమైన వివరణ అక్కర్లేదు.

నవలలో ఉరికంబం ఎక్కబోయే రాఘవరావు చెరలో తన గతాన్ని తలచుకుంటాడు. చిత్రం ఆ జ్ఞాపకాల చట్రాన్ని వదిలేసి, సాయిచంద్ ధరించిన రామయ్య జీవితాన్ని వరుస క్రమంలో నడిపిస్తుంది. ప్రేమించిన చంద్రి దొరల బలాత్కారానికి లొంగక తప్పని స్థితిని చూసి అతడు ఊరు విడుస్తాడు. హైదరాబాదులో కార్మికోద్యమ పరిచయంతో అక్షరాలూ రాజకీయాలూ నేర్చుకొని తిరిగివచ్చి దొరల మీద రైతులు సాగించిన పోరాటంలో చేరతాడు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత, పోరాట కాలంలో పారిపోయిన దొర సైన్యం అండతో మళ్లీ ఊళ్లో అడుగుపెడతాడు. ప్రభుత్వం మారినా భూమి మీద పెత్తనం మారలేదని ఉపన్యాసం లేకుండా చెప్పిన ఈ ఘట్టమే చిత్రానికి ప్రాణం. అయితే నగరంలో రామయ్య గడిపిన కాలాన్ని చిత్రం త్వరత్వరగా దాటించింది, అది లోపమే.

ఆ దాటవేసిన భాగమే షోలాపూర్ తెలుగువారి జీవితం. వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం 1874లో, షోలాపూర్‌లో తొలి నూలుమిల్లు 1877లో వచ్చాక, బతుకుదెరువు కోసం తెలంగాణ జిల్లాల నుంచి కదిలిన పద్మశాలి కుటుంబాలు అక్కడ మిల్లుల్లోనూ, చేతిమగ్గాల మీదా, తరువాత జకార్డు దుప్పట్లు, టెర్రీ తువ్వాళ్లు నేసే మరమగ్గాల మీదా స్థిరపడ్డాయి. మగవారు కార్ఖానాల్లో ఉండగా ఆడవారు నానబెట్టిన తునికాకును కత్తెరతో అచ్చు ప్రకారం కోసి, తంబాకు నింపి చుట్టి, దారం కట్టి, మూతి మడిచి, కట్టలు కట్టడంతో ఇంటి ఖర్చులో తమ వంతు మోసేవారు. ఊళ్లో దొర ముఖం చూసి భయపడినవారికి ఇక్కడ యజమానితో కూలి రేటు మాట్లాడుకునే యూనియన్ దొరికింది. ఈ పేటల నుంచే ఎదిగిన కమ్యూనిస్టు నాయకుడు నర్సయ్య ఆడం మూడుసార్లు మహారాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. బీడీ కార్మిక స్త్రీలకోసం కుంభారి వద్ద గోదూతాయి పరులేకర్ పేరిట పదివేల ఇళ్ల కాలనీ వెలసింది. ఊరు విడిచిపోవడం వెట్టి నుంచి తప్పించిందే గానీ శ్రమకు తగిన ఫలితాన్ని దానంతట అదే ఇవ్వలేదని, దానికి సంఘం కావలసి వచ్చిందని ఈ చరిత్ర చెబుతుంది.

చిత్రంలో గద్దర్ పాడుతూ కనిపించే ఘట్టాన్నీ, సుద్దాల హనుమంతు పాటకు సంధ్య ఇచ్చిన గొంతునూ తెలంగాణలో ఇప్పటికీ సభల్లో తలచుకుంటారు. షోలాపూర్‌లో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో మరాఠీ చదివిన తరాలు పెరిగాయి. వారి తాతలు ఏ ఊళ్లను ఎందుకు విడిచారో చూపే ఈ చిత్రాన్ని మరాఠీ ఉపశీర్షికలతో అక్కడి పాఠశాలల్లోనూ మార్కండేయ మందిర ప్రాంగణంలోనూ ప్రదర్శించే పనిని తెలుగు సంఘాలు చేపట్టాలి.