లోడుకు నిమ్మళం, ఖాళీకి గంతులు

రెండడుగుల చదరం, అంగుళన్నర మందం ఉన్న నాపరాయి ఒక్కటి సుమారు 37 కిలోలు తూగుతుంది. అలాంటివి 45 పేరిస్తే 1.7 టన్నుల పికప్ నిండిపోతుంది. పత్తయితే బేలు 170 కిలోలు, పది బేళ్లకే అదే బరువు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు క్వారీల నుంచి ప్రొద్దుటూరుకు రాయి తోలే డ్రైవర్లు ఒక మాట చెబుతారు: రాయి మీదుంటే బండి చెప్పినట్టు వింటుంది, దించి వెనక్కి పోయేటప్పుడే ఏడిపిస్తుంది. క్వారీ దారి ఎత్తు మీద మొదటి గేరులో క్లచ్ వదలగానే వెనక చక్రాలు దడదడా కొట్టుకుంటాయి. బండి ముందుకు పోయేది తక్కువ, ఎగిరేది ఎక్కువ.

దీనికి షెడ్డులో దొరికే మందు ఒకటే: "ఇంకో కమాను పట్టీ ఎక్కిస్తాం అన్నా, సరిపోతాది." ఆ మందు రోగాన్ని పెంచుతుందని చెప్పడానికే ఈ లెక్కలన్నీ. (మన సినిమాల్లో సుమోలు గాల్లోకి లేచేది వేరే లెక్క. దానికి బాంబులు కావాలి.)

ఈ రోగం మన పికప్‌లకే వచ్చింది కాదు. 1966 సెప్టెంబరులో అమెరికా మార్కెట్లోకి దిగిన షెవర్లే కమారోకు వెనక కమాను కట్టలో ఒక్కొక్క పట్టీయే ఉండేది. పెద్ద ఇంజిన్ పెట్టి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ఎగిరేవి. మరుసటి ఏడాది మోడల్‌కే కంపెనీ దిద్దుబాటు మొదలుపెట్టింది. బలమైన ఇంజిన్ల రకాలకు పలు పట్టీల కట్టలు వేసింది. రెండు షాక్ అబ్జార్బర్లలో ఒకదాన్ని ఇరుసుకు ముందు, ఇంకోదాన్ని వెనక బిగించింది. ఆ కమారో వీల్‌బేస్ 2743 మిల్లీమీటర్లు, మన బొలేరో జీపుది 2680. రెండింటికీ వెనక గట్టి ఇరుసు, కింద కమాను కట్టలు. పొడవులో తేడా 63 మిల్లీమీటర్లే.

ఇంజిన్‌లో మాత్రం బోలెడు తేడా. 350 క్యూబిక్ అంగుళాల కమారో ఎస్ఎస్‌ది అప్పటి కొలమానంలో 295 హార్స్ పవర్. మన బొలేరోది 75 దరిదాపు. అలాంటప్పుడు మన బండి ఎందుకు ఎగరాలి? హార్స్ పవర్ పక్కనబెట్టి చక్రం దగ్గరికి చేరే టార్క్ చూడండి. కమారో ఇంజిన్ టార్క్ 515 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు, క్రౌన్ పినియన్ కలిసి దాన్ని 8.3 రెట్లు చేస్తే ఇరుసు దగ్గర 4275 అవుతుంది. మన తరహా డీజిల్ ఇంజిన్ ఇచ్చేది 200 చిల్లర. కానీ బరువు లాగే బండి కాబట్టి గేర్లు బాగా పొట్టి. అవి 15 రెట్లు పెంచుతాయనుకుంటే ఇరుసు దగ్గర 3000. పావు వంతు హార్స్ పవర్ ఉన్న బండి ఇరుసును తిప్పే బలంలో కమారోకు 70 శాతం చేరుకుంది.

ఇప్పుడు రోడ్డు ఎంత పట్టగలదో చూద్దాం. ఖాళీ పికప్‌లో వెనక చక్రాల మీద 680 కిలోలు ఉన్నాయనుకుందాం. గులకదారి మీద పట్టు ఆ బరువులో సగం, మంచి తారు మీద పదింట ఎనిమిది వంతులు. చక్రం వ్యాసార్ధం 35 సెంటీమీటర్లు. లెక్క కడితే గులక మీద 1166 న్యూటన్ మీటర్లు దాటితే టైరు జారుతుంది, తారు మీద 1866 దాటితే జారుతుంది. ఇంజిన్ ఇవ్వగలిగింది 3000. అంటే రెండు చోట్లా టైరే ఓడిపోతుంది. అదే రాయి ఎక్కించి వెనక బరువు 2000 కిలోలు చేయండి, గులక మీద కూడా హద్దు 3430కి పెరుగుతుంది. ఇంజిన్ మొత్తం బలం పెట్టినా టైరు జారదు. లోడుకు నిమ్మళం, ఖాళీకి గంతులు ఇందుకే.

అయితే జారడం వేరు, ఎగరడం వేరు. జారిన చక్రం ఊరికే తిరిగితే దుమ్ము లేస్తుంది, అంతే. ఎగరడానికి కమాను కట్ట తోడవ్వాలి. చక్రాలు ముందుకు తిరిగితే ఇరుసు హౌసింగ్ వెనక్కి తిరగబోతుంది, పినియన్ మూతి పైకి లేస్తుంది. దాన్ని ఆపేది కమాను పట్టీలే. 3000 న్యూటన్ మీటర్లను రెండు కట్టలు పంచుకుంటే ఒక్కోదానికి 1500. కట్టను రెండు చివర్లా బండికి తగిలించే కన్నుల మధ్య 1.2 మీటర్లుంటే ముందు కన్ను దగ్గర 127 కిలోల బరువంత తోపు పైకి, వెనక కన్ను దగ్గర అంతే లాగుడు కిందికి. కట్ట ముందు సగం పైకి, వెనక సగం కిందికి వంగి పాములా మెలి తిరుగుతుంది. రెండు చేతులా పట్టుకుని మెలిపెట్టిన ప్లాస్టిక్ స్కేలు మీకు తెలుసు కదా, అదే పని. టైరు జారిన క్షణంలో ఆ మెలి ఒక్కసారిగా విడుతుంది. ఇరుసు దెబ్బగా వెనక్కి వస్తుంది, టైరు నేలను మళ్లీ పట్టుకుంటుంది, మెలి మళ్లీ చుట్టుకుంటుంది. డ్రైవరు కాలు తీసేదాకా ఇదే వరస. ఈ దెబ్బలకే క్రౌన్ పినియన్ పళ్లు ఊడతాయి, సెంటర్ బోల్టులు తెగుతాయి.

ఆ వరసకు ఒక వేగం ఉంది. ఇరుసు, హౌసింగ్, చక్రాలు కలిపి 120 కిలోలనుకుందాం. ఒక్కో టైరును మిల్లీమీటరు నొక్కాలంటే 200 న్యూటన్లు, ఒక్కో కట్టకు 40 కావాలనుకుందాం. ఆ బరువు సహజంగా సెకనుకు 10 సార్లు ఊగుతుంది. క్వారీ దారుల్లో రేకు మడతల్లా పడే అలలు గమనించే ఉంటారు. అల నుంచి అలకు 60 సెంటీమీటర్లుంటే గంటకు 22 కిలోమీటర్ల దగ్గర బండి సెకనుకు సరిగ్గా పది అలలు దాటుతుంది. 80 సెంటీమీటర్లయితే 29 దగ్గర. దారి కొట్టే తాళం, ఇరుసు ఊగే తాళం ఒకటవుతాయి, చక్రం పదేపదే నేలను వదులుతుంది. సీనియర్ డ్రైవర్లు ఆ చోట వేగం తగ్గించడమో పెంచడమో చేస్తారు గానీ అక్కడే నిలిపి ఉంచరు. లెక్క వేయకుండానే వాళ్లకు తెలిసిన సంగతి ఇది.

ఇక పట్టీ సంగతి. కట్ట గట్టిదనం పట్టీల సంఖ్యను బట్టి నేరుగా పెరుగుతుంది: ఐదును ఆరు చేస్తే 20 శాతం. మందంలో మాత్రం ఘనం లెక్క. 7 మిల్లీమీటర్ల పట్టీల చోట 8 మిల్లీమీటర్లవి వేస్తే 49 శాతం పెరుగుతుంది. పొడవు పది శాతం తగ్గిస్తే 37 శాతం. బండి ఒళ్లు ఎలా ఊగుతుందో తెలుసుకోవడానికి ఒక చిన్న సూత్రం ఉంది: బరువుకు కట్ట ఎన్ని సెంటీమీటర్లు అణిగిందో దాని వర్గమూలంతో 5ను భాగిస్తే సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. వెయ్యి కిలోలకు వెనక 8 సెంటీమీటర్లు దిగే బండి తీసుకోండి. ఖాళీలో కట్టల మీద 530 కిలోలుంటే అణిగేది 4.2 సెంటీమీటర్లు, ఊగుడు 2.4. వెయ్యి కిలోలు ఎక్కిస్తే 12.2 సెంటీమీటర్లు, ఊగుడు 1.4. మనిషి నడుము సుఖంగా భరించేది 1 నుంచి 1.5 దాకా. ఆరో పట్టీ ఎక్కిస్తే ఖాళీ ఊగుడు 2.7కు చేరుతుంది. ఎవడు తన బండి ఖాళీకి ఎగురుతోందని షెడ్డుకు వెళ్లాడో, వాడి ఖాళీ బండినే ఇంకా బిరుసు చేసి పంపుతున్నాం. అదనపు పట్టీ వేసేది మెలి ఆపడానికి కాదు, రెండు టన్నులు మోయించడానికి. కేంద్ర మోటారు వాహనాల చట్టం ప్రకారం అధిక లోడుకు జరిమానా 20,000 రూపాయలు, పైన ప్రతి అదనపు టన్నుకు 2,000 అని గుర్తుంటే ఆ పట్టీ అసలు ఖరీదు తెలుస్తుంది.

అలాగని కట్టను ముట్టుకోవద్దని కాదు. మెలిని ఆపే భారం ఎక్కువగా ముందు సగం మీదే కాబట్టి బలం అక్కడే కావాలి. అమెరికాలో క్రైస్లర్ కంపెనీ ఇరుసును కట్ట మధ్యన కాక ముందుకు జరిపి, ముందు సగాన్ని పొట్టిగా, గట్టిగా చేసింది. రేసు పోటీల వాళ్లు అదే కట్టలకు ముందు సగంలో క్లిప్పులు బిగించి, వెనక సగంలో వదులుగా ఉంచేవారు. పట్టీ అదనంగా వేయకుండానే మెలి తగ్గుతుంది, బండి మెత్తగానే ఉంటుంది.

ఇంతకన్నా ముందు చూడాల్సింది బుష్షులు. ముందు కన్ను బుష్షు అరిగి ఒక పక్క 5 మిల్లీమీటర్లు ఆడుతోందనుకోండి. చక్రాల మధ్య దూరం 1.4 మీటర్లు. ఇరుసు వంకర తిరిగేది డిగ్రీలో ఐదో వంతే. కానీ గంటకు 60 మీద ఆ వంకర బండి తోకను సెకనుకు 6 సెంటీమీటర్లు పక్కకు లాగుతుంది. ముద్దనూరు దారి మలుపుల్లో స్టీరింగ్‌ను ఊరికూరికే సరిచేసుకోవాల్సి వస్తోందంటే అలైన్‌మెంట్ షాపుకు వెళ్లే ముందు కింద పడుకుని చూడండి. ఒకరు క్లచ్ వదిలీ వదలనట్టు ఆడిస్తుంటే (చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి) ఇంకొకరు పక్క నుంచి కన్ను దగ్గర టార్చి వేసి చూస్తే చాలు. రబ్బరు చుట్టూ మెరిసే ఇనుప గీత కనిపిస్తే బుష్షు పోయినట్టే. కొత్తది వేసినప్పుడు జాకీల మీద కాక బండి తన బరువు మీద నిలబడ్డాకే పిన్ను చివరి బిగింపు బిగించాలి. యు బోల్టులను మొదటి కొన్ని వందల కిలోమీటర్లకే మళ్లీ బిగించాలి. ఈ రెండు పనులూ చేసే షెడ్డు దొరికితే వదలొద్దు.

షాకుల విషయంలో ఒక్క లెక్క. నిటారుగా ఉన్న షాకు వందకు వంద పనిచేస్తే, 30 డిగ్రీలు వాల్చింది 75, 45 డిగ్రీలు వాల్చింది 50 మాత్రమే చేస్తుంది. ఎత్తు పెంచడం కోసం కట్ట వెనక కన్నును బండికి తగిలించే షాకిళ్లు మార్చినవాళ్లు ఈ కోణం ఎంత మారిందో చూసుకోరు. నూనె కారిన షాకు కోణం ఎలా ఉన్నా దండగే.

గాలి కూడా ఇందులో భాగమే. లోడుకని 60 పౌండ్లు కొట్టించి ఖాళీకీ అలాగే తిప్పితే, చక్రానికి 340 కిలోల దగ్గర టైరు నేలను పట్టే జాగా సుమారు 12.5 చదరపు అంగుళాలు. 40కి దించితే 18.7. దాదాపు సగం జాగా ఎక్కువ, అదీ పైసా ఖర్చు లేకుండా. ఖాళీకి ఎంత, లోడుకు ఎంత అన్నది మాన్యువల్‌లో ఉంటుంది, ఆ అంకెలే పాటించండి. లోడుకు ముందు గాలి మళ్లీ కొట్టించడం మరిస్తే టైరు పేలొచ్చు.

ఇవన్నీ చేశాక కూడా ఎగిరితే ట్రాక్షన్ బార్. ఇరుసు దగ్గర కట్ట కింద బిగించి, ముందు కన్ను కింద దాకా వచ్చే ఇనుప బార్ అది, చివర రబ్బరు దిమ్మ. 60 సెంటీమీటర్ల బార్ అయితే 1500 న్యూటన్ మీటర్ల మెలి ఆ దిమ్మ దగ్గర 255 కిలోల తోపుగా మారి కన్నుకు కింద నుంచి ఆనుతుంది. కట్ట మెలి తిరగడానికి దారి ఉండదు. 1960ల నుంచి అమెరికా రేసు కార్లకు ఇదే చవక వైద్యం. అక్కడ ఇప్పటికీ ఈ గొడవ తీరలేదు. 2015లో మస్టాంగ్‌కు గట్టి ఇరుసు తీసేసినా సబ్‌ఫ్రేమ్ రబ్బరు బుష్షుల మెత్తదనానికి చక్రాలు ఎగిరేవి. 2009 క్యాడిలాక్ సిటిఎస్-వి ఒక పక్క 35 మిల్లీమీటర్ల షాఫ్టు, ఇంకో పక్క 55 మిల్లీమీటర్ల షాఫ్టు పెట్టింది, రెండు చక్రాలూ ఒకే తాళంలో ఊగకుండా.

బార్ కావాలనుకునేవాళ్లకు రెండు హెచ్చరికలు. పట్టీలకు వెల్డింగ్ మంట తగలనివ్వకండి, స్ప్రింగు ఉక్కు పదును పోయి అక్కడే విరుగుతుంది. బార్ క్లాంపుల మీదే రావాలి. రెండోది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. అందుకే కమర్షియల్ బండి అయితే ముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి రండి. ప్రొద్దుటూరు, పులివెందుల పక్కన ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. అక్కడి మెకానికల్ విద్యార్థులకు మా విన్నపం: ప్రాజెక్టుకని హైదరాబాదు నుంచి తెచ్చిన బొమ్మ మోడల్ కొనే బదులు, ఒక ఖాళీ పికప్‌ను క్వారీ దారి ఎక్కించి, ఇరుసుకు ఫోన్ కట్టి ఊగుడు కొలవండి. పైన మేం అనుకున్న 120 కిలోలు, 40 న్యూటన్ల చోట అసలు అంకెలు పెట్టి చూపిస్తే షెడ్డుల్లో పట్టీ ఎక్కించే ముందు అందరూ వాటినే చూస్తారు.