సెకండ్ హ్యాండ్ హాట్ హ్యాచ్: మజా ముఖ్యమా, నమ్మకం ముఖ్యమా?

బడ్జెట్ తక్కువ, స్పీడ్ మీద మోజు ఎక్కువా? అయితే మీ సెర్చ్ హిస్టరీలో ఈ రెండు పేర్లు ఉండే ఉంటాయి: ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ, మారుతి సుజుకి బాలెనో ఆర్ఎస్. ఇప్పుడు షోరూమ్‌లో రెండూ దొరకవు. మరి పాతవాటిలో ఏది కొనాలి?

2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్ఐలో 1.2 లీటర్ టర్బో ఇంజిన్, 105 పీఎస్ పవర్, 175 ఎన్ఎం టార్క్ ఉన్నాయి. 7 స్పీడ్ డీఎస్‌జీ గేర్లు చకచకా మార్చేస్తుంది. అసలు రిస్క్ కూడా అక్కడే. అది డ్రై క్లచ్ గేర్‌బాక్స్. ట్రాఫిక్‌లో పాకుతూ పోతే వేడెక్కుతుంది. మెకాట్రానిక్ యూనిట్ పోయిందంటే బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి.

2017 నాటి బాలెనో ఆర్ఎస్‌లో 1.0 లీటర్ బూస్టర్‌జెట్, 102 పీఎస్, 150 ఎన్ఎం, 5 స్పీడ్ మాన్యువల్. కిక్ కాస్త తక్కువే, కానీ డీఎస్‌జీ తలనొప్పి లేదు.

టెస్ట్ డ్రైవ్‌కి బ్లూటూత్ ఓబీడీ2 స్కానర్ పట్టుకెళ్లండి. ఫోన్ యాప్‌లో ఇంజిన్ ఫాల్ట్ కోడ్‌లు కనిపిస్తాయి. కోడ్‌లు లేవని సంబరపడొద్దు. రెడీనెస్ మానిటర్లు 'నాట్ రెడీ' అంటే, మీరు రాకముందే ఎవరో కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు. గేర్‌బాక్స్ కోడ్‌లు చౌక స్కానర్‌కి సాధారణంగా అందవు, కాబట్టి పోలో అయితే తెలిసిన మెకానిక్‌తో చెక్ చేయించాల్సిందే.

మా మాట: రోజూ ఆఫీసుకి ఇదొక్కటే బండి అయితే బాలెనో ఆర్ఎస్. రిపేర్ డబ్బు విడిగా పక్కన పెట్టగలిగితేనే పాత పోలో. బడ్జెట్ ఇంకొంచెం పెరిగితే 2020 తర్వాతి 1.0 టీఎస్ఐ పోలో చూడండి. 110 పీఎస్ వస్తుంది, పైగా ఆటోమేటిక్‌లో ఉన్నది డీఎస్‌జీ కాదు, టార్క్ కన్వర్టర్.