మిత్రునితో జియారతు

మా ముక్తేశ్వరము గౌతమీతీరమున నున్నది. ఈవలి యొడ్డున క్షణముక్తేశ్వరస్వామి, ఆవలి యొడ్డున కోటిపల్లి సోమేశ్వరస్వామి. తీర్థయాత్ర యన నెట్టిదో మా యూరివారికి వేరుగ చెప్పవలసిన పనిలేదు. రేవులో పంటి దిగివచ్చు యాత్రికులను చూచుచునే మేము పెరిగితిమి. ఐనను మన వీధిలోనే కాపురముండు మహమ్మదీయ సోదరులు యాత్రకు పోవునపుడు వారేమి చేయుదురో, ఏల చేయుదురో మనలో పెక్కుమంది యెరుగరు. నేనును అరువదియేండ్లు దాటువరకు ఎరుగను. తెలిసికొన్న విధమును గ్రామపెద్దలగు మీకు మనవి చేసెదను.

నాకొక మిత్రుడు కలడు. కుట్టుపని వృత్తి. నేను బడిలో పిల్లలకు శబ్దములు వల్లె వేయించుచున్న నాళ్లలో ఆ పిల్లల చొక్కాలు కుట్టినవాడతడే. నేనతనిని సాయిబుగారనియు, అతడు నన్ను పంతులుగారనియు పిలుచుకొందుము. నలువదియేండ్ల స్నేహము. ఇద్దరికిని వాదనయన్న మిక్కిలి ప్రీతి.

అతని యింట ఒక పెట్టెలో, కుట్టులేని రెండు తెల్లని వస్త్రములు మడతపెట్టియుండుట నేనెరుగుదును. జీవితమంతయు గుడ్డలు కుట్టినవానికి కుట్టని గుడ్డలేల యని యొకనాడడిగితిని. అవి ఉమ్రాకై కొన్నవి యని చెప్పినాడు. మనము మక్కాయాత్ర యనగనే హజ్జు అందుము. కాని యాత్రలు రెండు కలవు. శక్తిగలవానికి జన్మలో నొక్కసారి విధిగా చేయవలసినది హజ్జు. అది వారి సంవత్సరములో చివరిదైన జిల్‌హజ్జు మాసమున, నియతమైన దినములలోనే జరుగవలెను. ఉమ్రా చిన్నయాత్ర. సంవత్సరమున నెప్పుడైనను చేయవచ్చును. మక్కాకు చేరకమునుపే నియమితస్థలమున పురుషులు ఆ రెండు వస్త్రములు ధరించి దీక్ష వహింతురు. దానికి ఇహ్రాము అని పేరు. స్త్రీలకు మామూలు దుస్తులే. పిమ్మట కాబా చుట్టు ఏడు ప్రదక్షిణములు. సఫా, మర్వా యను రెండు గుట్టల నడుమ ఏడుమారులు నడక. పసిబిడ్డ ఇస్మాయీలు దప్పికచే అలమటింపగా తల్లి హాజిరా నీటికై యా గుట్టల నడుమ పరుగులిడినదట. ఆ తల్లి యాతనను తలచుకొనుటయే యా నడక. కడపట పురుషులు తల గొరిగించుకొనుటయో, కత్తిరించుకొనుటయో. స్త్రీలు కొద్దిగ కొసలు కత్తిరించుకొనుటయో చేసి దీక్ష విరమింతురు. కొన్ని గంటలలో ముగియు కార్యము. కాని మన కోనసీమనుండి అచ్చటికి చేరుటకు కావలసిన ధనము చిన్నది కాదు. సాయిబుగారును ఆయన భార్యయు కూడబెట్టుకొన్న సొమ్ము 2019లో ఆసుపత్రి పాలైనది. ఆమెకు మూత్రపిండముల వ్యాధి.

ఆ యేడు ఆయన నెల్లూరు వెళ్లినాడు. దర్గాలను దర్శించుటకు జియారతు అని పేరు. అది విధి కాదు. సమాధులయొద్ద కోరికలు కోరుట తగదని వారిలోనే వాదించు పండితులును కలరు. సాయిబుగారు నాతో నిట్లనెను: “సమాధిని మేము పూజింపము. అడుగునది అల్లానే. మహాత్ముడున్నచోట నిలిచి యడిగెదము, అంతే.” గోదావరిని ఇంటిలో స్మరింపక రేవునకేల పోయెదమో యెరిగినవారికి ఈ మాట బోధపడక మానదు.

నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీదు దర్గా యున్నది. బారా యనగా పండ్రెండు. షహీదు యనగా ధర్మార్థము ప్రాణము విడిచినవాడు. గండవరమువద్ద యుద్ధమున పండ్రెండుగురు వీరుల తలలు తెగిపడగా, గుఱ్ఱములు వారి మొండెములను ఈ చెరువుగట్టునకు చేర్చినవని జనులు చెప్పుకొందురు. మొహర్రము మాసమున, మనము పీర్లపండుగ యను దినములలో, ఇచ్చట రొట్టెల పండుగ జరుగును. ఆర్కాటు నవాబు భార్యకు జబ్బు చేసినప్పుడు, చెరువున బట్టలుతుకు రజకదంపతులలో భార్యకు ఈ వీరులు కలలో కనబడి, తమ సమాధులయొద్ద మన్ను ఔషధమని చెప్పిరనియు, ఆ రాణి స్వస్థత పొందగా నవాబు వచ్చి రొట్టెలు పంచెననియు కథ. 2015లో రాష్ట్రప్రభుత్వము దీనిని రాష్ట్రపండుగగా ప్రకటించినది. హిందువులు, మహమ్మదీయులు లక్షలసంఖ్యలో వత్తురు. వారి మాసములు కేవల చాంద్రమానములు. మనవలె అధికమాసము లేదు. కావున పండుగ ఏటేట పదిపదునొకండు దినములు వెనుకకు జరుగుచుండును. 2019లో సెప్టెంబరు 10న ఆరంభమైన పండుగ 2022లో ఆగస్టు 9న వచ్చినది.

రొట్టెల పద్ధతి వినదగినది. ఆరోగ్యము, వివాహము, సంతానము, విద్య, ఉద్యోగము, స్వగృహము, ఇట్లు కోరికకొక రొట్టె. ఈ కాలమున విదేశయానమునకు గూడ రొట్టె కలదు! ఏ రొట్టె యెచ్చట దొరకునో తెలుపు పలకలు చెరువువద్ద కట్టియుందురు. కోరిక గలవాడు నీటిలో దిగి, అదే కోరిక నెరవేరినవాని చేతినుండి రొట్టె పుచ్చుకొని తినవలెను. తనకు ఫలించిన పిమ్మట మరుయేడు తానొక రొట్టె తెచ్చి మరియొకని చేతిలో పెట్టవలెను. మన మ్రొక్కు దేవునికి చెల్లింతుము. ఇచ్చట మ్రొక్కు చెల్లునది ముక్కుమొగము తెలియని మనుష్యునికి.

2019లో నేనాయనను పరిహసించితిని. “రొట్టెలకు రోగములు పోవునా సాయిబుగారూ?” అంటిని. ఆయన నవ్వి యూరకుండెను. ఆరోగ్యరొట్టె తెచ్చి భార్యకు తినిపించెను. ఆ తరువాతి మాఘమాసమున ఆమె మరణించినది. నా మాట నాకు గొంతులో ముల్లై నిలిచినది.

2020, 2021 సంవత్సరములలో కోవిడ్ కారణమున పండుగకు జనులను రానీయలేదు. 2022లో ఆయన మా యింటికి వచ్చి, “నెల్లూరు పోయి రొట్టె ఇచ్చిరావలె. తోడు వత్తురా?” అని యడిగెను. నేను చదివిన శాస్త్రము నన్నూరకుండనీయలేదు. “అది కామ్యకర్మ. ఫలము నెరవేరినగదా ఋణము? మీకు ఋణము లేదు” అంటిని.

“నాకు రొట్టె ఇచ్చిన పిల్లవాడు ‘తాతా, ఇంకొకరికి చేర్చండి’ అన్నాడు పంతులుగారూ. నేను సరేనన్నాను. నా కోరిక సంగతి నాకును పైవానికిని నడుమ నున్నది. ఈ మాట నాకును ఆ పిల్లవానికిని నడుమ నున్నది.”

మీమాంసలో నాకు దీనికి ప్రత్యుత్తరము దొరకలేదు. బయలుదేరితిని.

జూలై వరదల బురద యింకను లంకలలో ఆరలేదు. గోదావరి మరల పోటెత్తియుండుటచే పంటి నడుచుటలేదు. రావులపాలెము మీదుగా రాజమహేంద్రవరము చేరి రైలెక్కితిమి. రొట్టెలు ఆయన స్వహస్తములతో చేసినవి. కోడలు చేసెదనన్నను ఒప్పుకొనలేదట. గోధుమపిండి, బెల్లము. ఒక్కటియు గుండ్రముగ లేదు. “కత్తెరతో సరిచేయరాదా?” యని నేననగా, చాలదినములకు బిగ్గరగా నవ్వినాడు.

చెప్పులు విడిచి, తలకు ఆయన రుమాలును, నేను ఉత్తరీయమును కప్పుకొని నీటిలో దిగితిమి. మోకాలిలోతు నీరు, ఇసుక వేసిన రాలనంత జనము. ఆరోగ్యరొట్టె పలకయొద్ద నిలిచితిమి. ఒక యువకుడు చేయిచాచి, “ఆరోగ్యము కుదిరినదా తాతగారూ?” అని యడిగెను. అబద్ధమాడిన ఎవరికి తెలియును? నేనాయన ముఖము చూచుచుంటిని. “కుదరలేదు నాయనా. నా భార్య పోయినది” అనెను. ఆ యువకుడు నమస్కరించి ప్రక్కకు జరిగెను. అతనిని తప్పుపట్టజాలము, అతని యింట ఎవరు మంచమున నున్నారో! మరియొకరును అట్లే పోయిరి. సాయిబుగారి చేయి వణకుచుండెను. “మిట్టమధ్యాహ్నమగుచున్నది, పోదము” అంటిని. ఆయన కదలలేదు.

చంకన బిడ్డనెత్తుకొన్న యొక స్త్రీ ఈ మాటలన్నియు వినుచు నిలిచియుండెను. “ఏ యూరినుండి వచ్చినారయ్యా?” అని యడిగినది.

“కోనసీమ. ముక్తేశ్వరము.”

“అంతదూరమునుండి తెచ్చినారా? ఇటివ్వండి.”

రొట్టె పుచ్చుకొని, తునక త్రుంచి బిడ్డనోట పెట్టినది. తానొక తునక తిని, మిగిలినదానిలో కొంత నా చేతిలోను పెట్టినది. మా యింటి మడియాచారముల సంగతి నా శిష్యులందరికిని తెలియును. నీటిలో నిలుచుండియే తింటిని.

పిమ్మట గట్టెక్కి సమాధులను దర్శించితిమి. ఆయన చేతులు తెరచి ఫాతిహా చదువుచుండగా నేను ప్రక్కన నిలిచితిని. చదువుట ముగిసిన తరువాతను చాలసేపు చేతులు దింపలేదు.

తిరుగురైలులో, రొట్టె ఒకవైపు మాడినదనియు, ఉప్పు వేయుట మరచినారనియు చెప్పితిని.

“బెల్లము వేసినదానిలో ఉప్పెందుకండీ?” అని ఆయన వాదమునకు దిగెను.