దూరదేశంలో నలుగుపిండి

ఏటా వినాయకచవితినాడు నేను వ్రతకథ చదువుతుంటే మా పిల్లలు ఒకేచోట ఆపేవాళ్లు. పరమేశ్వరుడు వస్తున్నాడన్న కబురు విని పార్వతీదేవి అభ్యంగనానికి సిద్ధమవుతూ, నలుగుపిండితో బాలుడి బొమ్మ చేసి ప్రాణం పోసిన చోటు. "అమ్మా, నలుగుపిండి అంటే ఏమిటి?" అనేవాళ్లు. "బాడీ స్క్రబ్ లాంటిది" అని చెప్పి కథ ముందుకు నడిపేదాన్ని. ఒక ఏడాది మా చిన్నది వదల్లేదు. బాత్‌రూంలోకి వెళ్లి నా స్క్రబ్ ట్యూబు తెచ్చింది. అరచేతిలో కాస్త పిండుకుని, "దీంతో బొమ్మ ఎలా నిలబడుతుంది?" అని అడిగింది. నిలబడదు. మాటలతో తీరే సందేహం కాదనిపించి, ఆ దీపావళికి న్యూజెర్సీలో మొదటిసారి నలుగుపిండి పట్టాను. ఇప్పుడు ప్రతి దీపావళికీ పడుతున్నాను, స్నేహితుల ఇళ్లకు సీసాల్లో పంచుతున్నాను.

గుంటూరు జిల్లాలో మా అమ్మమ్మగారింట్లో దాన్ని సున్నిపిండి అనేవాళ్లు. పప్పులు విసిరి పట్టిన పిండికి సున్ని అని పేరు, మనం తినే సున్నుండలోనూ ఆ మాటే ఉంది. ఒంటికి పెట్టినప్పుడు మాత్రం అది నలుగు. భోగినాడు, ఉగాదినాడు, నరకచతుర్దశి తెల్లవారుజామున పిల్లల్ని వరసగా పీటల మీద కూర్చోబెట్టి, మాడున నువ్వులనూనె అంటి, ఒళ్లంతా నూనె మర్దనా చేసి, ఆపైన సున్నిపిండి రుద్ది, కుంకుడుకాయ పులుసుతో తలంటేవాళ్లు. కుంకుడుకాయ కళ్లలో పడి ఏడ్చిన ఏడుపు మా తరం వాళ్లందరికీ గుర్తే. పెళ్లిళ్లలో ముత్తయిదువలు పాటలు పాడుతూ వధూవరులకు నలుగు పెడతారు, తరవాత మంగళస్నానం. ఆయుర్వేదంలో దీని పేరు ఉద్వర్తనం. వాగ్భటుడి అష్టాంగహృదయంలో సూత్రస్థానం రెండో అధ్యాయమైన దినచర్యలో, అభ్యంగం, వ్యాయామం తరవాత దీని ప్రస్తావన వస్తుంది. నూనె ముందు, పిండి తరవాత అనే వరస మన ఇళ్లలో మారకుండా వచ్చింది.

ఆ వరసకు కారణం ఉంది. మన చర్మం పైపొరలో ఉండేవి మృతకణాలు. అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి పడుచువయసులో సుమారు 28 రోజులు పడుతుంది, వయసు పెరిగేకొద్దీ ఇంకా ఆలస్యమవుతుంది. రాలవలసినవి రాలక అతుక్కుని ఉంటే ఒళ్లు పేలవంగా, గరుకుగా కనిపిస్తుంది. ముందు పూసిన నూనె ఆ పొరను మెత్తబరుస్తుంది, చేతికీ ఒంటికీ మధ్య జారుడునిస్తుంది. ఆపైన రుద్దిన పిండి అదనపు నూనెను, మురికిని పీల్చుకుంటూ, వదులైన కణాలను తనతోపాటు లాక్కొస్తుంది. అంతా పోదు, పలచగా ఒక నూనె పొర ఒంటిమీద మిగులుతుంది. సబ్బు చేసేది వేరే పని. మామూలు సబ్బు క్షారం, దాని పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది, చర్మానిదేమో 5 దగ్గర ఉంటుంది. అందుకే చలికాలంలో సబ్బు రుద్దుకున్నాక ఒళ్లు బిగదీసుకుపోతుంది. ఇంట్లో హీటర్ నాలుగైదు నెలలు ఆగకుండా తిరిగే దేశంలో ఈ తేడా చిన్నది కాదు.

మా పాప తెచ్చిన ఆ ట్యూబులో నీలంగా మెరిసిన పూసలు పాలిథిలీన్, అంటే ప్లాస్టిక్. అప్పట్లో చాలా స్క్రబ్బుల్లో అవే. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లోనూ పూర్తిగా చిక్కకుండా నదుల్లోకి, సరస్సుల్లోకి చేరాయి. గ్రేట్ లేక్స్ నీళ్లలో అవి కనిపించాక 2014లో ఇల్లినాయ్ రాష్ట్రం అందరికంటే ముందు నిషేధించింది. 2015 డిసెంబరులో దేశమంతటికీ చట్టం వచ్చింది. 2017 జూలై నుంచి తయారీ, మరుసటి జూలై నుంచి అమ్మకం ఆగిపోయాయి. పెసలు, బియ్యం ఒంటికి రుద్దుకున్న మన పెద్దవాళ్ల వల్ల ఏ చెరువులోని చేపకూ ఏ హానీ జరగలేదు. ఈ మాట మన పిల్లలకు చెప్పాలి.

ఇక పిండి సంగతి. అమ్మమ్మ కొలతలు సోలల్లో, గిద్దల్లో ఉండేవి. నా కొలతలు ఇవి: పెసలు 2 కప్పులు, శనగపప్పు 1 కప్పు, బియ్యం పావు కప్పు, మెంతులు ఒక చెంచా, ఎండు గులాబీ రేకులు అర కప్పు, కచ్చూరాలు 50 గ్రాములు, గుప్పెడు వట్టివేళ్లు, కస్తూరి పసుపు రెండు చెంచాలు. ఐదారు అర పింట్ సీసాలు నిండుతాయి. పెసలది ఇందులో పెద్ద భాగం, ఎందుకంటే మెత్తగా నలుగుతాయి, చర్మానికి సౌమ్యం. శనగపప్పు నూనెను బాగా పీలుస్తుంది. బియ్యం గరుకుకోసం, ఎక్కువైతే గీరుకుంటుంది. మెంతులు తడి తగిలాక జిగురునిస్తాయి. పెసలు, శనగపప్పు, బియ్యం, మెంతులు ఇండియన్ స్టోరులో దొరుకుతాయి. కచ్చూరాలు, వట్టివేళ్లు మాత్రం నేను ఇండియా వెళ్లినప్పుడు మూలికల కొట్టులో కొని తెచ్చుకుంటాను. వేళ్లు, దుంపలు, గింజలు ఏవి తెచ్చినా విమానం దిగాక కస్టమ్స్ దగ్గర చెప్పి తీరాలి. దాచి తెచ్చి జరిమానా కట్టడంకన్నా, చూపించి వాళ్లు తీసేసుకుంటే వదిలేయడం మేలు. గులాబీలు పూలకొట్టు నుంచి వద్దు, వాటిమీద పురుగుమందు ఉంటుంది. తినడానికి పనికొచ్చే ఎండు రేకులే కొనండి.

నా జాబితాలో బావంచాలు లేవని మీలో పెద్దవాళ్లు ఈపాటికి గమనించే ఉంటారు. బావంచాలు, కచ్చూరాలు అని జంటగా చెప్పడం మన అలవాటు. నేనూ మొదటి రెండేళ్లు వేశాను. ఆ గింజలో సోరలెన్ అనే పదార్థం ఉంది. అది చర్మంమీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మం కందిపోతుంది, ఒక్కోసారి బొబ్బలెక్కుతుంది, ఆపైన నెలల తరబడి నల్లమచ్చలు మిగులుతాయి. వైద్యులు ఈ గుణాన్నే మందుగా మలిచారు. బొల్లికి బావంచాలు వాడటం మన వైద్యంలో పాతదే. 1974లో అమెరికా వైద్యులు సోరలెన్‌తో పాటు ఆ కిరణాలను కొలత ప్రకారం ఇచ్చే పూవా చికిత్సను సోరియాసిస్‌కు వాడి చూపారు. అంటే అది డాక్టరు చూసుకుంటూ ఇవ్వవలసిన మందు. తెల్లవారకముందే స్నానం చేసి, నీడపట్టున పండగ చేసుకునే ఇంట్లో దాని ప్రభావం తెలిసేది కాదేమో. ఇక్కడ మనం తలంటుకుని జూలై ఎండలో బీచికి పోతాం. నాకోసం ఏం చేసుకున్నా సరే, ఇంకొకరికి ఇచ్చే సీసాలో బావంచాలు వేయకూడదని నిర్ణయించుకున్నాను. నిమ్మతొక్కల పొడికీ కొంత ఈ గుణమే ఉంది కాబట్టి అదీ మానేశాను.

పసుపు విషయంలోనూ జాగ్రత్త కావాలి. రంగుకోసం పసుపుపొడిలో లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ ఉంది. సీసం ఉందని 2016లో అమెరికాలో కొన్ని పసుపుపొడులను దుకాణాలనుంచి వెనక్కి రప్పించారు. అందుకని కొమ్ములు కొని నేనే దంచుకుంటాను. అసలైన కస్తూరి పసుపు కొమ్ము విరిస్తే లోపల లేత మీగడరంగులో ఉంటుంది, కర్పూరపు వాసన వేస్తుంది. వంటపసుపులా టబ్బును, తువ్వాళ్లను పట్టుకోదు. పొరపాటున మరక పడితే ఉతికి ఎండలో ఆరేయండి, పసుపు రంగు ఎండకు తేలిగ్గా వెలిసిపోతుంది.

అమ్మమ్మ అన్నిటినీ మూడురోజులు డాబామీద ఎండబెట్టేది. అక్టోబరులో మనకు ఆ ఎండ లేదు. పప్పులు, మూలికలు వేరువేరుగా ట్రేలో పలచగా పరిచి, ఓవెన్ 170 ఫారెన్‌హీట్‌కు పెట్టి, తలుపు కాస్త తెరిచి ఉంచి, గంటసేపు ఆరనిస్తాను. పప్పు వేగకూడదు, వేగితే కమ్మటి పులిహోర పోపు వాసన వచ్చి నలుగు వాసన పోతుంది. గులాబీ రేకులకు పది నిమిషాలు చాలు. పూర్తిగా చల్లారాక మిక్సీలో కొద్దికొద్దిగా తిప్పాలి. వట్టివేళ్లను ముందుగా కత్తెరతో చిన్నచిన్న ముక్కలు చేయకపోతే బ్లేడుకు చుట్టుకుంటాయి. కచ్చూరాలను రోట్లో నలగ్గొట్టి వేయాలి. తరవాత జల్లించడం. మొహానికైతే పలచటి బట్టలో వస్త్రగాలితం పట్టిన పిండే వాడాలి. ఒంటికి మైదా జల్లెడ చాలు. దుమ్ము ఎగురుతుంది కాబట్టి ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఉబ్బసం ఉన్నవాళ్లను ఆ గదిలో ఉండనివ్వకండి.

మొదటి ఏడాది స్నానాల తరవాత మా టబ్బు గొట్టం పూడుకుపోయింది. వేడినీళ్లు తగిలి పిండి గంజిలా ఉడికి, నూనెతో కలిసి గొట్టంలో గడ్డకట్టింది. ప్లంబరును పిలవాల్సి వచ్చింది. ఆలోచిస్తే పొరపాటు నాదే, ఎందుకంటే నలుగును ఎప్పుడూ నీళ్లతో కడగరు. రుద్ది రాలుస్తారు. పిండిని పాలతోనో, పన్నీటితోనో, మామూలు నీళ్లతోనో కాస్త ముద్దగా కలిపి, నూనె రాసిన ఒంటికి పట్టించి, సగం ఆరాక అరచేత్తో రుద్దితే మురికి, నూనె, పిండి కలిసి సన్నటి వత్తుల్లా ఊడి వస్తాయి. వాటిని రాలనిచ్చి, పోగుచేసి పారేశాకే నీళ్లు పోసుకోవాలి. ఇప్పుడు నేను టబ్బులో పాత దుప్పటి పరిచి, దానిమీద పీట వేస్తాను. పని అయ్యాక దుప్పటి బయట దులిపేస్తాను. నూనెకాళ్లతో టబ్బులో జారిపడే ప్రమాదం కూడా దాంతో తప్పింది. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ దుప్పటి తప్పనిసరి. ఆ రాలిన వత్తుల్ని మా పాప అరచేతిలో పోగుచేసి నొక్కి చూసింది. ముద్ద నిలబడింది. తలా, బొజ్జా చేసి సబ్బుపెట్టె మీద కూర్చోబెట్టింది. పార్వతీదేవి బొమ్మ చేసింది ఇలాంటి పిండితోనే అని ఇక చెప్పవలసిన అవసరం లేకపోయింది.

వారానికి ఒకసారి చాలు. చలికాలంలో పదిహేను రోజులకొకసారి, అదీ నూనె ఎక్కువగా పట్టించి. ఎగ్జిమా ఉన్నచోట, గీతలు, పుండ్లు, పగిలిన మొటిమలు ఉన్నచోట, వ్యాక్సింగ్ చేయించుకున్న రోజున వద్దు. నెలల పిల్లలకు ఇండియానుంచి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు ముచ్చటపడి కాళ్లమీద పడుకోబెట్టుకుని నలుగు పెడతామంటారు. వాళ్ల ప్రేమను కాదనలేం. అయినా ఆ లేత చర్మానికి రుద్దుడు ఎక్కువ, పొడి ముక్కులోకి పోతుంది. నూనె మర్దనా వాళ్లచేత చేయించుకుని, పిండిమాట ముందు పిల్లల డాక్టరును అడగమంటాను.

నలుగు పెట్టుకోవడానికి ఓపిక, అరగంట సమయం కావాలి. అవి లేని స్నేహితులకు, మన అలవాటు తెలియని పొరుగువాళ్లకు నేను చక్కెర స్క్రబ్ చేసి ఇస్తాను. రెండు పాళ్లు చక్కెరకు ఒక పాలు నూనె, అంతే. చక్కెర నీళ్లలో కరిగిపోతుంది కాబట్టి గొట్టానికి బాధ లేదు, ఉప్పులాగా చిన్న గీతలమీద మండదు. కొబ్బరినూనె వాడితే 24 డిగ్రీల సెల్సియస్ కింద గడ్డకడుతుందని గుర్తుంచుకోవాలి. జనవరిలో సీసాలో రాయి అయి కూర్చుంటుంది. నువ్వులనూనెతో ఆ ఇబ్బంది లేదు. నలుగుపిండికీ, చక్కెర స్క్రబ్‌కీ ఒకటే నియమం, సీసాలో తడిచెయ్యి పెట్టకూడదు. నీళ్లు తగిలితే బూజు పడుతుంది, కంటికి కనిపించకముందే సూక్ష్మజీవులు చేరతాయి. అందుకే పెరుగు, తేనె, పండ్లగుజ్జు కలిపి సీసాలో పెట్టి ఎవరికీ ఇవ్వకండి. అవి కలిపిన పూటే వాడుకోవాలి. పొడిగా ఉన్న నలుగుపిండి ఆరునెలలు బాగుంటుంది. ప్రతి సీసాతోపాటు చిన్న చెక్కచెంచా ఒకటి కడతాను.

సీసామీద అంటించే చీటీకి నేను చాలాసేపు కేటాయిస్తాను. పట్టిన తేదీ, వేసినవాటి పేర్లు ఒక్కటీ వదలకుండా, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తాను. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి ఆహారపదార్థాల లేబుళ్లమీద నువ్వులను కూడా ముఖ్యమైన అలర్జీ కారకాల్లో చేర్చి తప్పనిసరిగా రాయాలి. నువ్వులనూనె కలిపిన నా స్క్రబ్ సీసాకు ఆ చట్టం వర్తించకపోయినా, నువ్వులు పడని పిల్లలున్న ఇల్లు ఏదో నాకు తెలియదు. బాదంపొడి వేస్తే తెల్లగా వస్తారని చాలామంది సలహా ఇస్తారు. తెల్లబడటం జరగదు, అలర్జీ మాత్రం రావచ్చు. నలుగుతో ఒంటిరంగు మారుతుందని ఏ ఆడపిల్లకూ చెప్పకండి. ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసుకుని ఒకరోజు చూడమని చీటీ చివర రాస్తాను.

ఇప్పుడు పిండి పట్టే రోజున మా ఇంటికి నలుగురైదుగురు ఆడవాళ్లు వస్తారు. ఒకరు వట్టివేళ్లు కత్తిరిస్తుంటే ఒకరు జల్లిస్తారు, నలుగు పాటలు వచ్చినవాళ్లు పాడతారు. మా పాప ఇప్పుడు కాలేజీలో ఉంది, ఆ రోజుకు ఇంటికొచ్చి చీటీలు తనే రాస్తుంది. సీసాలన్నీ మూతలు బిగించి, ఎవరి సంచిలో వాళ్లకు సర్ది పంపించాక, జల్లెడలో గుప్పెడు ముతకరవ్వ మిగులుతుంది. వట్టివేళ్ల పీచు, నలగని పెసరపొట్టు, కచ్చూరాల పలుకులు. ఒంటికది గరుకు, మడమల పగుళ్లకు సరిగ్గా సరిపోతుంది. దాన్ని ఎవరికీ పంచను. ఆ రాత్రి గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టుకుని, పాపా నేనూ చెరిసగం తీసుకుంటాం.