మెదడువాపు జ్వరం: వెన్నునీరు చెప్పే నిజం

జ్వరం వచ్చిన బిడ్డకు తులసి, అల్లం, మిరియాల కషాయం కాచి ఇవ్వని ఇల్లు మన తెలుగునాట అరుదు. నేనూ ఏండ్ల తరబడి ఆ కషాయాన్నే చెబుతూ వచ్చిన వైద్యుడను. అయితే ఒక జ్వరం విషయంలో నా కషాయం తెచ్చిన ఆలస్యాన్ని పాఠక మహాశయుల ఎదుట దాచదలచుకోలేదు.

1999వ సంవత్సరం, అక్టోబరు మాసం. కడప జిల్లాలో కె.సి. కాలువ కింది ఒక పల్లెలో అప్పుడు నా వైద్యశాల. ఆరేండ్ల పాపను తీసుకువచ్చారు. జ్వరం, తలనొప్పి, రెండుసార్లు వాంతి. సామాన్య జ్వరమనుకొని కషాయమిచ్చి పంపాను. మరునాటి సాయంకాలానికి ఫిట్స్ మొదలయినవి. ఇంటివారు పాప చేతిలో తాళపుచెవులు పెట్టారు. గాలి సోకినదని విభూతి మంత్రించి తెచ్చారు. తెల్లవారకముందే పాప కన్నుమూసింది. ఆ మరణం ఊరివారి నోట 'గాలి' అయినది. ప్రభుత్వపు లెక్కలో ఏమీ కాలేదు.

వారం తిరగకముందే అదే వీధినుండి ఒక తల్లి ఎనిమిదేండ్ల కొడుకును భుజాన వేసుకొని వచ్చింది. "పిల్లోడు నన్ను గుర్తు పట్టల్యా సామీ" అన్నది. ఆ మాట విన్న తరువాత నేను కషాయపు గిన్నె ముట్టలేదు. జీపు మాట్లాడి, పెద్దాసుపత్రికి వారి వెంట నేనే వెళ్ళాను.

అక్కడ డాక్టరుగారు వెన్నునుండి నీరు తీసి పరీక్షించాలన్నారు. పిల్లవాని అవ్వ అడ్డు పడింది. "సూది పొడిస్తే నడుము పడిపోతాది, వద్దు" అని ఏడ్చింది. ఈ భయం చదువుకున్న ఇండ్లలో సైతం నేను చూశాను. నిజానికి వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగిసిపోతుంది. సూది గుచ్చేది దానికి దిగువన. తీసే నీరు చిన్న చెంచాడు కూడా ఉండదు. తలలో ఒత్తిడి మితిమీరి ఉన్నదేమో ముందుగా చూసుకొనే డాక్టర్లు ఆ పని చేస్తారు. అవ్వను ఒప్పించడానికి నాకు అరగంట పట్టింది.

ఆ నీటితో రెండు పనులు జరుగుతాయి. జ్వరానికి కారణం బాక్టీరియా అయితే తగిన మందుతో బిడ్డ బ్రతికే అవకాశం ఉన్నది గనుక అది వెంటనే తేలాలి. వైరస్ అయితే, దానిని ఎదిరించడానికి శరీరం తయారుచేసిన ఐజిఎం ప్రతిరక్షకాలను వెదకి, అది ఏ వైరస్సో చెప్పవచ్చు. జ్వరం తొలినాళ్ళలో ఇవి కనబడకపోవచ్చును. అందువలన ఒక్కొక్కప్పుడు రెండవసారి పరీక్ష అవసరమవుతుంది.

ఆ పిల్లవానిది జపనీస్ మెదడువాపు అని తేలింది. బ్రతికాడు, కుడిచేయి మాత్రం నీరసించింది. ఆ రిపోర్టు మీదనే ఆరోగ్యశాఖవారు ఊరికి వచ్చి, సందెవేళ పశువుల కొట్టాలలో గాజు గొట్టాలతో దోమలను పట్టుకొన్నారు; పందులు ఎక్కడ తిరుగుతున్నవో విచారించారు. అప్పుడు చనిపోయిన పాప తండ్రి నా దగ్గరకు వచ్చి, "మా పాపది కూడా ఇదేనా సామీ?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. ఆ పాపను నేను కూడా ఆసుపత్రికి పంపలేదు కదా.

వానలు లేని రాయలసీమకు నీటి దోమల జబ్బు ఎట్లా వచ్చిందని ఆశ్చర్యపడవచ్చు. తుంగభద్రపై సుంకేసుల వద్ద మొదలయ్యే కె.సి. కాలువ కర్నూలు, నంద్యాల మీదుగా కడప వరకు వరి పండిస్తున్నది. నిలిచిన మడినీటిలో క్యూలెక్స్ దోమలు పుడతాయి. వైరస్ కొంగలలోను, పందులలోను పెరిగి దోమల ద్వారా మనుషులను చేరుతుంది. మనిషినుండి మనిషికి సోకదు గనుక రోగి పిల్లవానిని వెలివేయవలసిన పని లేదు. వైరస్ సోకిన సుమారు 250 మందిలో ఒకరికే వ్యాధి బయటపడుతుంది. బయటపడితే నూటికి 30 వరకు మరణాలుండవచ్చును. మన దేశంలో ఈ వ్యాధిని మొదట గుర్తించినది 1955లో, వేలూరులో. మా పల్లెలో ఇది జరిగిన ఆ అక్టోబరు, నవంబరు మాసాలలోనే పక్కనున్న అనంతపురం జిల్లాలోను ఇది ప్రబలింది. తరువాతి కాలంలో మదురై, హైదరాబాదు శాస్త్రజ్ఞులు కర్నూలు జిల్లా పల్లెలలో దోమలను పట్టి, వాటిలో వైరస్ ఉన్నదా అని ఏండ్ల తరబడి పరిశీలించారు.

వైరస్ పేరు తెలుసుకోవడం ఎందుకంటారా? 2003 వేసవి చివర మన రాష్ట్రంలో మెదడువాపుతో 329 మంది పిల్లలు జబ్బుపడి, 183 మంది మరణించారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నమూనాలు పరీక్షించి, అది చాందీపుర వైరస్ అని తేల్చింది. 1965లో నాగపూరు సమీప గ్రామంలో దొరికినందున దానికి ఆ పేరు. దీనిని వ్యాపింపజేసేవిగా భావించేవి వరిమడి దోమలు కావు, గోడల బీటలలో, పశువుల కొట్టాలలో దాగే ఇసుక ఈగలు. వైరస్ మారితే వేటాడవలసిన కీటకమూ, చోటూ మారిపోతాయి.

చరక సంహిత విమానస్థానంలో జనపదోద్ధ్వంసాన్ని చెప్పే అధ్యాయం ఉన్నది. వాయువు, జలం, దేశం, కాలం చెడితే ఊళ్ళకు ఊళ్ళే జబ్బుపడతాయని అందులో ఆత్రేయుడు అగ్నివేశునికి బోధిస్తాడు. చెడిన దేశపు లక్షణాలలో దోమలు కూడ ఉన్నవి. ఒక్క రోగి నాడిని చూస్తూ కూర్చున్న నేను ఆ అధ్యాయాన్ని ఎంత ఆలస్యంగా తెరిచానో!

ఇంటిల్లిపాదికి నా మనవి ఇది. జ్వరంతో ఉన్న బిడ్డ మనుషులను గుర్తుపట్టకపోయినా, మగతగా పడిఉన్నా, ఫిట్స్ వచ్చినా నోట కషాయం, తేనె, నీరు ఏదీ పోయవద్దు, ఊపిరితిత్తులలోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. పల్లె పేరు, దగ్గరలో వరిమడులు, పందులు ఉన్నవా అన్నది డాక్టరుకు చెప్పండి. వేపాకు పొగ దోమలను కొంతసేపు తరుముతుంది, దోమతెరకు సాటి రాదు. ఇక టీకా సంగతి. మన దేశంలో 2006లో ఈ టీకా కార్యక్రమం ఆరంభమైనది. వ్యాధి ఉన్న జిల్లాలలో తొమ్మిదవ నెల నిండాక ఒకసారి, 16 నుండి 24 నెలల మధ్య మరొకసారి వేస్తారు. చంటిబిడ్డ కార్డులో రెండూ నమోదైనవో లేదో ఈ సాయంత్రమే చూడండి.