ఏ కాలానికా పండు!

ఫిబ్రవరి ఆఖరు వారం. తోపుడుబండి మీద పసుపు పచ్చగా నిగనిగలాడే మామిడిపండ్లు. పిల్లాడు చెయ్యి పట్టుకుని లాగుతాడు. ధర వింటే గుండె గుభేలుమంటుంది. అయినా ‘ఈ ఏడాదికి మొదటి పండు కదా’ అని రెండు కొంటాం. ఇంటికొచ్చి కోస్తే... పైన పసుపు, లోపల పులుపు! అదే బండి మీద ఓ మూలన దోరజామకాయలున్నాయి. వాటివంక చూడనైనా చూడం.

తప్పు పండుది కాదు, మన తొందరది.

మామిడికాయ చెట్టు మీదే ముదరాలి. అప్పుడు కోసి గడ్డిలో మగ్గబెడితే కాయలోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. ముదరని కాయకు ఏం చేసినా రంగొస్తుందే తప్ప రుచి రాదు. ఆ రంగు కోసం కొందరు వ్యాపారులు వాడేదే క్యాల్షియం కార్బైడ్. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ ఆనవాళ్లు ఉండే ప్రమాదముంది. అందుకే దాంతో పండ్లు మగ్గబెట్టడాన్ని మనదేశంలో నిషేధించారు. నిర్ణీత మోతాదులో ఇథిలీన్ వాయువు వాడకానికి మాత్రం అనుమతి ఉంది.

పండగే క్యాలెండర్!

ఏ కాలంలో ఏది తినాలో మనవాళ్లు పండగలతోనే చెప్పారు. సంక్రాంతికి కొత్తబియ్యం పొంగలి, భోగిపండ్లుగా రేగుపండ్లు. రథసప్తమికి చిక్కుడుకాయల రథం. ఉగాది పచ్చడిలో కొత్త చింతపండు, కొత్త బెల్లం, వేపపువ్వు, మామిడి పిందెలు... అన్నీ అప్పుడే చేతికొచ్చేవి. వేసవిలో తాటిముంజలు, తొలకరికి నేరేడుపండ్లు, వినాయకుడి పాలవెల్లికి మొక్కజొన్న పొత్తులు, దసరా రోజుల్లో సీతాఫలాలు, కార్తీకంలో ఉసిరి. ఏడాది పొడవునా ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది.

మరి ఆ కాలం దాటితే? దానికీ ఉపాయముంది. చింతకాయ పచ్చడి, ఆవకాయ, ఉసిరికాయ పచ్చడి, ఎండబెట్టిన ఒరుగులు... కాలం కాని కాలంలో కాయను మగ్గబెట్టడం కాదు, కాలంలో దొరికినదాన్ని దాచుకోవడం మన పద్ధతి.

జేబుకీ, ఒంటికీ...

పంట ముమ్మరంగా వచ్చినప్పుడే ధర దిగుతుంది. దగ్గర్లో పండింది కాబట్టి లారీ కిరాయి, దారిలో వృథా తక్కువ. తాజాదనం సంగతి సరేసరి. ఆకుకూరల్లోని విటమిన్ సి, ఫోలేట్ నిల్వ ఉన్నకొద్దీ తగ్గిపోతుంటాయి. పొద్దున కోసిన తోటకూర ఆ పూటే పొయ్యెక్కడంలో ఉన్న లాభం అదే.

రైతుకీ ఇందులో వాటా ఉంది. కాపు విరగకాసినప్పుడే కొనేవాళ్లు లేక టమాటాలను రోడ్డుపక్కన పారబోయాల్సి వస్తోంది. దళారీల బెడద లేకుండా రైతులే నేరుగా అమ్ముకునేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో రైతుబజార్లు మొదలయ్యాయి. ధర పడిపోయిన వారంలో మరో రెండు కిలోలు కొని ఒరుగులు పెట్టుకుంటే మనకూ ఆదా, రైతుకూ ఆసరా.

అలాగని కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన యాపిల్ చెడ్డదని కాదు. మన పెరటి జామను కాదని దానికోసం పరుగెత్తక్కర్లేదనే!

వచ్చే ఫిబ్రవరిలో పిల్లాడు మళ్లీ చెయ్యి లాగితే చేతిలో ఓ జామకాయ పెట్టండి. ‘మామిడిపండుకి ఇంకా రెండు నెలలుంది నాన్నా’ అని చెప్పండి. వాడు రోజులు లెక్కపెట్టుకుంటాడు. ఎదురుచూసి తిన్న పండు తీపే వేరు!