మబ్బు ముక్కలైతే మహా నక్షత్రం ఎలా పుడుతుంది?

మృగశిర, ఆర్ద్ర కార్తెల పేర్లు వ్యవసాయపు ఇళ్లలో పుట్టిన మనకి పంచాంగం చూడకుండానే తెలుసు. ఆ పేర్లు గల చుక్కల్ని ఆకాశంలో గుర్తుపట్టగలవారు మాత్రం మన కాలేజీలో తక్కువే. పుష్యమాసంలో రాత్రి భోజనాలయ్యాక తలెత్తితే గొల్లకావడి మూడు చుక్కలూ వరుసగా కనబడతాయి. వాటికి ఉత్తరాన ఎర్రగా మెరిసేది ఆర్ద్ర. సూర్యునికి పదిహేను, ఇరవై రెట్లు బరువైన ముసలి నక్షత్రం. దక్షిణాన మసకగా కనిపించే మచ్చ ఓరియన్ నెబ్యులా. 1,350 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆ మబ్బులో కొత్త నక్షత్రాలు పుడుతున్నాయి. దాని నడుమ ఉన్న ఒక నక్షత్రం సుమారు 30 సూర్యులంత బరువు. అంత బరువు దానికెలా వచ్చిందన్నదే ప్రశ్న.

ఈ మబ్బుల్లో ఉండేది నీటి ఆవిరి కాదు, ముఖ్యంగా హైడ్రోజన్. చీకటి భాగాల్లో చలి మైనస్ 260 డిగ్రీల దరిదాపు. సొంత బరువుకి మబ్బు కుంగుతుంది. లోపలి వేడి, అంటే అణువుల కదలిక, దాన్ని ఆపుతుంది. ఏది ఎప్పుడు గెలుస్తుందో 1902లో జేమ్స్ జీన్స్ లెక్కగట్టాడు. వాయువు ఎంత చల్లగా, ఎంత చిక్కగా ఉంటే అంత చిన్న ముక్క కూడా తనంత తాను కుంగిపోగలదు. అందుచేత కుంగుతూ చిక్కబడే మబ్బు ఒక్కటిగా నిలవక ముక్కలవుతుంది. చిక్కల్లా ఇక్కడే. ఆ లెక్కన ఒక్కో ముక్క రమారమి ఒక సూర్యుడంత రావాలి. మరి 30 సూర్యుల సరుకు చీలిపోకుండా ఒక్కచోట ఎలా చేరింది?

వాయువులోని అలజడి, అయస్కాంత క్షేత్రం కలిసి పెద్ద ముక్కని చీలకుండా కాస్తాయని కొందరంటారు. ముక్క చిన్నదిగానే పుట్టి, తర్వాత చుట్టూ ఉన్న వాయువుని తిని బలుస్తుందని ఇంకొందరు. తాండవ కాలువ మొదట్లో ఉన్న మడికీ చివరి మడికీ తేడా మనకి తెలియనిదా! నారు ఒకటే అయినా నీరందిన చోట పిలకలు ఎక్కువ వేస్తుంది. అలాగే మబ్బు నడిమికి నలుదిక్కుల నుంచీ వాయువు కాలువల్లా దిగుతుంది, అక్కడి ముక్కకే వాటా ఎక్కువ. నాకు ఈ రెండో వాదమే నచ్చింది, రైతుబిడ్డననే పక్షపాతంతో మాత్రం కాదు. చిలీ దేశంలో 66 యాంటెన్నాల ఆల్మా టెలిస్కోపుతో, ఇంకా నక్షత్రాలు వెలగని చల్లని మబ్బుల్లోకి చూస్తే కనిపించినవి చిన్న ముక్కలే. బరువైనవి దాదాపు లేవు. అయినా వాదం పూర్తిగా తేలలేదు.

ఇంకో అడ్డంకి ఉంది. బరువు పెరిగినకొద్దీ నక్షత్రపు కాంతే, మీద పడబోయే ధూళినీ వాయువునీ వెనక్కి తోస్తుంది. అప్పుడు మేత ఎలా అందాలి? వాయువు తిరగలిలా పళ్లెం ఆకారంలో తిరుగుతూ అంచు నుంచి లోపలికి జారుతుంది; కాంతి పైకీ కిందకీ తప్పించుకుపోతుంది.

ఇంత తిన్నా ఆయుర్దాయం తక్కువే. సూర్యుడి ఆయుష్షు సుమారు 1,000 కోట్ల ఏళ్లయితే, 20 సూర్యులంత నక్షత్రం కోటి ఏళ్లు తిరక్కముందే పేలిపోతుంది. మనం పీల్చే ఆక్సిజన్‌లో చాలా భాగం అలాంటి నక్షత్రాలు తమలో వండి, పోతూ పోతూ వెదజల్లినదే.